బీజానికి ముక్కు ఉందా?

పిల్లలు కలగని ఇంట్లో మాట ముందుగా ఆడమనిషి మీదే పడుతుంది. ఆ మాటకు మన భాషలో పేరు కూడా ఉంది: గొడ్రాలు. మగవాడికి దానికి సరిజోడైన మాట వాడుకలో లేదు. 'నపుంసకుడు' అన్న మాట ఉంది గాని దాని సంగతి వేరు. పక్కింటి ఒడియా వాళ్లను అడిగితే వాళ్లకూ 'బాంఝ' అనే మాట ఉంది, అదీ ఆడమనిషికే. గోడకు అవతల భాష మారింది గాని నింద మారలేదు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా మన కొరాపుట్ ప్రాంతం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. 1992 అక్టోబరు 2న రాయగడ వేరే జిల్లా అయింది. సరిహద్దు గీతలు మన మీదుగా నడిచాయి గాని మనం ఎక్కడికీ కదలలేదు. మనతోపాటు మన నమ్మకాలూ ఇక్కడే ఉండిపోయాయి. వాటిలో ఒకటి, మగవాడిది విత్తనం, ఆడదానిది పొలం అన్నది. మొలక రాకపోతే పొలం చవుడన్నమాట. ఇది పల్లెటూరి మాటే అనుకోకండి. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో బీజం గొప్పదా, క్షేత్రం గొప్పదా అని పెద్ద చర్చే ఉంది. గ్రీకు దేశంలో అరిస్టాటిల్ కూడా దాదాపు ఇదే చెప్పాడు: రూపం ఇచ్చేది మగవాడు, ముడిసరుకు ఇచ్చేది స్త్రీ.

నేను రాయగడలో ఒడియా మీడియం పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి విరమించినవాణ్ణి. బోర్డు మీద రాసింది ఒడియా, మనసులో తర్జుమా చేసుకున్నది తెలుగు. ఆ పాఠాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం గర్భధారణ. అన్నిటికంటే త్వరగా దాటేయమని చుట్టూ ఉన్నవాళ్లు కోరుకున్న పాఠం కూడా అదే. ఆ పాఠంలో ఒక విచిత్రమైన అధ్యాయం ఉంది. మగవాడి శుక్రకణానికి వాసన పసిగట్టే శక్తి ఉందని, అది పూలవాసన లాంటి దాన్ని పట్టుకుని అండం దగ్గరికి పోతుందని 2003లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. తొమ్మిదేళ్ల తర్వాత ఆ కథ మారిపోయింది. మారిన కథ మన ఇళ్లలోకి ఎంతవరకు వచ్చిందో చెప్పడానికే ఈ వ్యాసం.

భూతద్దం కింద

శుక్రకణాలను మొదట చూసిన ఘనత హాలెండులోని డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వ్యాపారి ఆంటోనీ వాన్ లీవెన్‌హోక్‌ది. 1677లో యోహాన్ హామ్ అనే వైద్య విద్యార్థి ఒక రోగి శుక్రాన్ని ఆయన దగ్గరికి తెచ్చి, ఇందులో ఏవో ప్రాణులు కదులుతున్నాయని చూపించాడు. లీవెన్‌హోక్ తన సొంత అద్దాల కింద మళ్లీ పరీక్షించి లండనులోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఇది పండితులకు జుగుప్స కలిగించేలా ఉంటే పక్కన పడేయమని కూడా రాశాడు. అదృష్టవశాత్తూ వాళ్లు పడేయలేదు.

అయితే చూడటం వేరు, అర్థం చేసుకోవటం వేరు. 1694లో హార్ట్‌సూకర్ అనే మరో హాలెండు శాస్త్రజ్ఞుడు శుక్రకణం తలలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న చిన్న మనిషి బొమ్మ గీశాడు. బొమ్మ చూడటానికి బాగుంటుంది. అందులో అమ్మకు చోటు లేదు. అంటే అరిస్టాటిల్ నమ్మకమే అద్దం ఎక్కి కూర్చుందన్నమాట. ఇటలీలో స్పల్లాంజాని కప్పలతో ఎన్నో ప్రయోగాలు చేశాడు. మగకప్పలకు చిన్న లాగులు తొడిగి శుక్రద్రవం గుడ్లకు తగలకపోతే పిల్లలు కలగవని రుజువు చేశాడు. 1780 ప్రాంతంలో ఒక ఆడకుక్కకు కృత్రిమంగా గర్భం కూడా తెప్పించాడు. అంత చేసీ, ఆ ద్రవంలో ఈదే పురుగులకు గర్భంతో పని లేదనే అనుకున్నాడు.

స్త్రీ వైపు సంగతి ఇంకా ఆలస్యం. క్షీరదాల అండాన్ని కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేయర్ 1827లో గాని చూడలేదు. శుక్రకణం కనబడిన నూట యాభై ఏళ్లకు అండం కనబడింది. 1876లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆస్కార్ హెర్ట్‌విగ్ సముద్రపు ముళ్లప్రాణి గుడ్డులో శుక్రకణపు కేంద్రకం, అండపు కేంద్రకం కలిసి ఒకటి కావడం గమనించాడు. అప్పటితో విత్తనం, పొలం అనే పోలిక శాస్త్రంలో చచ్చిపోయింది. తండ్రి సగం, తల్లి సగం. పొలమంటూ ఏదీ లేదు. ఉన్నవి రెండు సగం విత్తనాలు.

ఫెర్ను మొక్క చెప్పింది

ఇక రెండో ప్రశ్న. ఆ రెండు సగాలు ఒకదాన్నొకటి ఎలా వెతుక్కుంటాయి?

దీనికి మొదటి జవాబు జంతువుల నుంచి రాలేదు. దేవమాలి కొండ వాలుల్లోనూ, డుడుమా జలపాతం చుట్టుపక్కల తడి రాళ్ల మీదా, వానాకాలంలో చుట్టలు విప్పుకునే ఆకులతో పెరిగే ఫెర్ను మొక్కల్ని మీరు చూసే ఉంటారు. వాటికి పువ్వుండదు, కాయుండదు. ఆకు కింద గోధుమరంగు చుక్కల్లో ఉండే ధూళి నేల మీద పడితే, గోరంత పచ్చని హృదయాకారపు రేకు మొలుస్తుంది. అసలు సంసారమంతా ఆ రేకు అడుగున, ఒక వానచుక్క మందాన ఉన్న నీటిలో జరుగుతుంది. ఫెర్ను శుక్రకణాలు ఆ నీటిలో ఈదుకుంటూ అండం ఉన్న చిన్న కూజా మూతికి పోతాయి.

1884లో జర్మనీ వృక్షశాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ పెఫర్ ఈ ఈతను పరిశీలించి ఒక సులువైన ప్రయోగం చేశాడు. వెంట్రుకంత సన్నని గాజుగొట్టంలో మాలిక్ ఆమ్లం నింపి ఆ నీటిలో పెట్టాడు. పచ్చిమామిడికాయ పులుపులో ఉండే ఆమ్లాల్లో ఇదొకటి. శుక్రకణాలు గుంపుగా గొట్టం మూతి దగ్గరికి వచ్చి లోపలికి దూరాయి. అంటే అవి గుడ్డిగా ఈదటం లేదు. నీటిలో కరిగిన ఒక పదార్థం ఎటు చిక్కగా ఉంటే అటు పోతున్నాయి. దీనికే రసాయన ఆకర్షణ అని పేరు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలోని వుడ్స్‌హోల్ సముద్రతీర కేంద్రంలో ఫ్రాంక్ లిల్లీ సముద్రపు ముళ్లప్రాణి గుడ్లు నానిన నీటికి శుక్రకణాలు ఆకర్షితం కావడం చూశాడు. ఆ ఆకర్షించే పదార్థం ఒక జాతిలో ఏమిటో 1985లో తేలింది. అది పద్నాలుగు అమైనో ఆమ్లాల చిన్న గొలుసు, పేరు రెసాక్ట్. సముద్రంలో అందరి గుడ్లూ, అందరి శుక్రకణాలూ నీటిలోనే కలుస్తాయి కాబట్టి అక్కడ ఇలాంటి పిలుపు అవసరమే. మనుషుల్లో మాత్రం దారి ఒకటే కదా, అడ్రసు వెతుక్కోవలసిన పనేముంది అని చాలాకాలం అనుకున్నారు.

లెక్క చూస్తే అది అంత తేలిక కాదని తెలుస్తుంది. ఒక్కసారి బయలుదేరే శుక్రకణాలు కోట్లలో ఉంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు పొడవు. గర్భాశయం దాటి అండవాహిక వరకు చేరేవి కొన్ని వందలు మాత్రమే. పైగా అండవాహికలు రెండు, ఆ నెల అండం ఉండేది మామూలుగా ఒకదానిలోనే. 1991లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన దీనా రాల్ట్, మైకేల్ ఐజన్‌బాక్ బృందం మనిషి అండాన్ని చుట్టి ఉండే ద్రవాన్ని పరీక్షించింది. కొందరు స్త్రీల ద్రవం వైపు శుక్రకణాలు పోగవుతున్నాయి, కొందరి ద్రవం వైపు పోవడం లేదు. ద్రవం ఆకర్షించినచోట ఆ స్త్రీ అండాలు ఫలించడం కూడా ఎక్కువగా కనబడింది. మనిషి అండం కూడా పిలుస్తుందన్నమాట. పిలుపు ఏమిటన్నది మిగిలింది.

ముక్కులో ఉండవలసింది ఇక్కడెందుకు?

అదే 1991లో అమెరికాలో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ మరో పెద్ద సంగతి కనిపెట్టారు. మనకు వాసన ఎలా తెలుస్తుంది? ఈ పక్క వంటింట్లో కాలాజీరా బియ్యం ఉడుకుతుంటే ఆ పక్క వీధిలో వాసన తెలుస్తుంది. (2024లో కొరాపుట్ కాలాజీరాకు భౌగోళిక గుర్తింపు దక్కింది, అది మనందరికీ సంతోషమే.) సువాసన బియ్యాల నుంచి లేచే సూక్ష్మమైన అణువులు ముక్కు లోపలి కణాల మీద ఉన్న కొన్ని ప్రోటీన్లకు తగులుకుంటాయి. తాళంలో తాళంచెవి తిరిగినట్టు ఆ ప్రోటీను ఆకారం మారుతుంది. కణం మెదడుకు కబురు పంపుతుంది. ఈ ప్రోటీన్లే వాసన గ్రాహకాలు. వాటిని తయారుచేసే జన్యువుల పెద్ద కుటుంబాన్ని ఎలుకలో కనిపెట్టింది బక్, ఆక్సెల్. మనుషుల్లో పనిచేసే ఇలాంటి జన్యువులు సుమారు నాలుగు వందలు. ఈ పనికి వాళ్లిద్దరికీ 2004లో నోబెల్ బహుమతి వచ్చింది.

మరుసటి ఏడాది, 1992లో, బ్రస్సెల్స్ నగరం నుంచి ఎవరూ ఎదురుచూడని వార్త వచ్చింది. మార్క్ పార్మెంటియే బృందం ఈ వాసన గ్రాహకాల జన్యువుల్లో కొన్ని వృషణాల్లో, శుక్రకణాలుగా మారే కణాల్లో పనిచేస్తున్నాయని నేచర్ పత్రికలో ప్రకటించింది. ముక్కులో ఉండవలసినది అక్కడ ఏం చేస్తోంది? వెంటనే అందరికీ తట్టిన జవాబు ఒకటే: అండం వాసన చూస్తోంది!

భాషా మైనారిటీ పత్రిక చదివేవాళ్లకు ఇక్కడ ఒక పక్కమాట చెప్పకుండా ఉండలేను. బ్రస్సెల్స్‌లోని స్వేచ్ఛా విశ్వవిద్యాలయం ఫ్రెంచి, డచ్చి భాషల తగవుతో 1969-70లో రెండుగా చీలిపోయింది. పార్మెంటియే ఉన్నది ఫ్రెంచి విశ్వవిద్యాలయంలో. అదే 1992లో అదే ఊళ్లోని డచ్చి విశ్వవిద్యాలయం వైద్యులు, ఒకే ఒక్క శుక్రకణాన్ని సన్నని సూదితో అండంలోకి ఎక్కించి గర్భం తెప్పించే పద్ధతిని లోకానికి చెప్పారు. 'ఇక్సీ' అని ఇవాళ విశాఖలో ఏ సంతాన చికిత్సాలయం బోర్డు మీదైనా కనబడేది అదే. ఒక ఊరు, ఒక ఏడాది, రెండు భాషలు. ఈ రెండు పనులూ తర్వాత ఒకచోట కలుస్తాయి. ఆ సంగతి చివర చెబుతాను.

2003లో జర్మనీలోని బోహుమ్ విశ్వవిద్యాలయంలో హాన్స్ హాట్, మార్క్ స్పేర్, వారి సహచరులు మనిషి శుక్రకణాల మీద పనిచేసే ఒక గ్రాహకాన్ని పట్టుకున్నారు. దానికి తాళంచెవిలా సరిపోయిన పదార్థం బుర్జియొనాల్. అది అత్తరు, సబ్బు పరిశ్రమలు తయారుచేసే కృత్రిమ పరిమళం. వాసన యూరపులో మే నెలలో పూసే 'లిలీ ఆఫ్ ద వ్యాలీ' పువ్వును పోలి ఉంటుంది. మన వైపు ఆ పువ్వు లేదు. చిన్న తెల్లని గంటల వరుసలా ఉంటుందనీ, అక్కడి పెళ్లిళ్లలో దానికి మన మల్లెపూవంత మర్యాద ఉందనీ చెబితే చాలు. గొట్టంలో బుర్జియొనాల్ పెడితే శుక్రకణాలు దాని వైపు తిరిగాయి, వేగం పెంచాయి. అన్‌డెకనాల్ అనే మరో వాసన పదార్థం కలిపితే ఆ పరుగు ఆగిపోయింది.

ఇంతకంటే అందమైన కథ ఇంకేం కావాలి? మగ బీజం పూలవాసన పట్టుకుని ఆడ బీజం దగ్గరికి పోతుంది! ప్రబంధ కవులు తుమ్మెదలతో చెప్పింది సైన్సు పత్రిక రుజువు చేసినట్టయింది. ప్రపంచమంతా పత్రికలు రాశాయి. హాట్ 2008లో సామాన్యుల కోసం రాసిన పుస్తకానికి ఆ పువ్వు పేరే పెట్టాడు. 2010లో మరో పరిశోధన బుర్జియొనాల్ వాసనను ఆడవాళ్లకంటే మగవాళ్లే ఇంకా తక్కువ మోతాదులో పసిగడతారని చూపింది. మామూలుగా వాసనల్లో ఆడవాళ్లదే పైచేయి కాబట్టి అదీ విశేషమే అయింది.

వేరే తలుపు

అయితే కథలో ఒక అసౌకర్యం మొదటినుంచీ ఉంది. బుర్జియొనాల్ కర్మాగారంలో తయారయ్యే సరుకు. స్త్రీ శరీరంలో అది లేదు. మరి అక్కడ పిలిచేది ఏమిటి?

ఇది తేల్చడానికి తోవ చూపిన పరిశోధన వాసనతో సంబంధం లేనిది. 2001లో అమెరికాలోని బోస్టన్‌లో డేవిడ్ క్లాఫమ్ బృందం శుక్రకణం తోకలో మాత్రమే ఉండే ఒక కాల్షియం తలుపును కనిపెట్టింది. దాని పేరు క్యాట్‌స్పెర్. తలుపు తెరుచుకుంటే బయటి కాల్షియం లోపలికి వస్తుంది. తోక కొట్టుకునే తీరు మారుతుంది. మామూలుగా సన్నగా అల్లాడే తోక అప్పుడు కొరడాలా విసురుగా కొట్టుకుంటుంది. అండం చుట్టూ ఉన్న జిగట పొరల్ని చీల్చడానికి ఈ విసురు లేకపోతే పని జరగదు. ఈ తలుపు లేని మగ ఎలుకలకు పిల్లలు పుట్టలేదు.

2011లో రెండు బృందాలు నేచర్ పత్రిక ఒకే సంచికలో ఒకే సంగతి రాశాయి. ఒకటి కాలిఫోర్నియాలోని పొలినా లిష్కో, యూరీ కిరిచోక్‌ల బృందం. రెండోది జర్మనీలోని బాన్ నగరంలో టిమో స్ట్రుంకర్, బెంజమిన్ కౌప్‌ల బృందం. మనిషి శుక్రకణంలో ఆ తలుపును తెరిచేది ప్రొజెస్టరాన్. గర్భాన్ని నిలబెట్టే హార్మోనుగా మనం విన్న పేరే. అండం బయటికి వచ్చేటప్పుడు దాని చుట్టూ మేఘంలా అంటుకుని వచ్చే చిన్న కణాలు దీన్ని విడుదల చేస్తాయి. చాలా కొద్ది మోతాదు చాలు. క్షణంలో తలుపు తెరుచుకుంటుంది.

ఆ మరుసటి ఏడు, 2012లో, బాన్ బృందం బుర్జియొనాల్‌ను మళ్లీ పరీక్షకు తెచ్చింది. ముక్కులో వాసన తెలిసేటప్పుడు గ్రాహకం తగిలిన తర్వాత కణం లోపల ఒక దూత పదార్థం పుడుతుంది. అదే లోపలి తలుపులు తీస్తుంది. శుక్రకణంలో బుర్జియొనాల్ తగిలినప్పుడు ఆ దూత కనబడలేదు. బుర్జియొనాల్ గ్రాహకం ద్వారా కాకుండా నేరుగా క్యాట్‌స్పెర్ తలుపునే తెరుస్తోంది. అదీ, ఎక్కువ మోతాదులో పోస్తేనే. ఎన్నో రకాల పదార్థాలకు ఆ ఒక్క తలుపే తెరుచుకుంటుందని తేలింది. పరుగు నిజమే, తోక కదలిక నిజమే. దానికి చెప్పుకున్న కారణం నిలవలేదు.

మరి వృషణాల్లో కనబడిన వాసన జన్యువులు అబద్ధమా? కాదు. అవి అక్కడ ఉన్నాయి. ముక్కులో ఉండే గ్రాహకాలు ఒంట్లో మరెన్నో చోట్ల ఉన్నాయని ఆ తర్వాత బయటపడింది. 2014లో హాట్ బృందమే మన చర్మపు కణాల్లో కృత్రిమ చందన పరిమళానికి స్పందించే గ్రాహకాన్ని చూపింది. ఆ స్పందన గాయం మానడానికి తోడ్పడుతుందని చెప్పింది. ఒకే ప్రోటీను ముక్కులో ఉంటే దానికి 'వాసన' గ్రాహకమని పేరు పెట్టాం; పేరు మనం పెట్టుకున్నదే. విజయనగరంలో తాసిల్దారు చేసే పనీ, రాయగడలో తహసీల్దారు చేసే పనీ పేరును బట్టి ఒకటే అనుకుంటే ఎలా? ఏ ఊళ్లో ఏ పని చేస్తున్నాడో పోయి చూడాలి. బీజానికి ముక్కు ఉందా అంటే, ముక్కులోని సామాను కొంత ఉంది గాని, 2003లో చెప్పిన పనికి అది వాడుతున్నట్టు రుజువు నిలవలేదు అన్నదే నేటి జవాబు.

మన వైపు

ఇలాంటి పని మన వైపు జరగలేదా అని అడిగేవారికి హైదరాబాదు చూపించవచ్చు. 1977లో అక్కడ ఏర్పడిన సి.సి.ఎం.బి.కి వ్యవస్థాపకులైన పుష్ప మిత్ర భార్గవ గారు 1950ల నుంచీ ఎద్దు శుక్రకణాల మీద పరిశోధన చేసినవారు. 1979లో ఇ.ఎస్.పి. రెడ్డి, భార్గవ ఎద్దు శుక్రద్రవంలో సూక్ష్మజీవుల్ని అడ్డుకునే ఒక ప్రోటీనును గురించి నేచర్ పత్రికలో రాశారు. తర్వాత అదే సంస్థలో శిశింతి శివాజీ గారి బృందం హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుక లాంటి జంతువు శుక్రకణాల్లో, పైన చెప్పిన కొరడా విసురు రావడానికి ముందు కణంలో జరిగే మార్పుల్ని పరిశోధించింది.

మన సంస్థానం పాత్ర కూడా ఒక మాటలో చెప్పుకోవాలి. తెలుగు, ఒడియా, సంస్కృతాల్లో పండితుడైన జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయల విరాళం ఏర్పాటు చేశారు. 1930ల్లో వెలసిన అక్కడి సైన్సు, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. అంటే తెలుగునాట సైన్సు చదువుకు పడిన పెద్ద పునాదిరాళ్లలో ఒకటి కొరాపుట్ కొండల నుంచి వెళ్లింది. ఆ చదువు ఫలం తిరిగి ఈ కొండల్లోని ఇళ్లకు ఎంత వచ్చిందన్నది మనం అడగదగిన ప్రశ్న.

ఇంట్లోకి రావలసిన సంగతి

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. పూలవాసన కథ అందంగా ఉండేది గాని దానితో ఒక్క ఇంటి బాధ తీరలేదు. పేరు కూడా నోరు తిరగని ఆ కాల్షియం తలుపు కథలో అందం లేదు. కాని మన ఇళ్లకు పనికివచ్చేది అదే.

2009లో ఇరాన్ దేశంలో, దగ్గరి చుట్టాల మధ్య పెళ్లిళ్లు జరిగిన రెండు కుటుంబాలను పరీక్షించారు. ఆ ఇళ్లలో సంతానం కలగని మగవాళ్లకు క్యాట్‌స్పెర్ జన్యువుల్లో ఒకటి చెడి ఉంది. ఇలాంటి లోపం తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడినవే వస్తేనే బయటపడుతుంది. ఒక ప్రతి బాగుంటే పని జరిగిపోతుంది. భార్యాభర్తలు ఒకే తాత మనవలైతే, తాతలో దాగి ఉన్న ఒకే చెడ్డ ప్రతి రెండు దారుల్లోనూ దిగి వచ్చి వారి పిల్లల్లో కలుసుకునే అవకాశం పెరుగుతుంది. మేనబావ, మేనమరదలు పెళ్లాడితే వాళ్ల బిడ్డకు ఏ జన్యువులోనైనా ఇలా ఒకే పూర్వీకుడి ప్రతులు రెండూ వచ్చే అవకాశం పదహారింట ఒక వంతు. మేనమామ, మేనకోడలు అయితే ఎనిమిదింట ఒక వంతు.

మేనరికం మనవాళ్లకు ప్రాణం. ఒడియా ఇరుగుపొరుగులో చాలామందికి అది వింత. పరాయి రాష్ట్రంలో మన సంఖ్య తక్కువ, మన కులంలో మన భాష మాట్లాడే సంబంధాలు ఇంకా తక్కువ. కాబట్టి పార్వతీపురంలోనో బొబ్బిలిలోనో ఉన్న మేనత్త కొడుకు దగ్గరికే పోతాం. అది మన భాష నిలబెట్టుకునే దారుల్లో ఒకటి కూడా అయింది. మేనరికం చేసుకున్నవాళ్లందరికీ కష్టాలు వస్తాయని నేను అనను. చాలామంది పిల్లాపాపలతో సుఖంగా ఉన్నారు. కాని ఒకే వంశంలో ఇద్దరు ముగ్గురు అన్నదమ్ములకు పిల్లలు లేకపోతే, వచ్చిన కోడళ్లందరూ గొడ్రాళ్లే అనుకోవడం కంటే ఆ అన్నదమ్ముల్ని పరీక్ష చేయించడం తెలివైన పని. ఇక్కడ గమనించవలసిన సంగతి ఇంకొకటి. ఈ తలుపు శుక్రకణంలో మాత్రమే ఉంటుంది. అందువల్ల రెండు ప్రతులూ చెడిన ఆడపిల్లకు సంతానం విషయంలో ఏ ఇబ్బందీ ఉండదు. లోపం ఆమె కొడుకులకు ఒక ప్రతిగా మాత్రం దిగుతుంది. దీని పక్కనే ఉన్న మరో జన్యువుతో కలిపి ఒక ముక్క పోతే ఆ ఇంటి మగవాళ్లకు చెవుడు, సంతానలేమి రెండూ వస్తాయి. ఆడవాళ్లకు చెవుడు ఒక్కటే. చెవిటి అన్నకు పిల్లలు లేరంటే అది అతని భార్య జాతకం కాదు.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. ఎన్నో ఇళ్లలో భర్త మొదట పరీక్షకు రాడు. బతిమాలితే వస్తాడు. వచ్చాక చూసేది శుక్రకణాల సంఖ్య, ఆకారం, కదలిక. అవన్నీ బాగుంటే రిపోర్టులో 'నార్మల్' అని రాస్తారు. ఆ ఒక్క మాట ఇంట్లో తీర్పైపోతుంది. "మావాడికి అంతా బాగుందట" అన్నది అత్తగారి నోట వింటే, కోడలి మీద మిగిలినవి మొక్కుబడులు, ఉపవాసాలు, మజ్జిగౌరమ్మ గుడి చుట్టూ ప్రదక్షిణలు, చివరికి రెండో పెళ్లి మాట. మొక్కుకోవడం తప్పు కాదు. మొక్కు ఒక్కరి మీదే పడటం తప్పు. ఇలా పుట్టింటికి తిరిగి వచ్చిన ఆడపిల్లల్ని నేను నా ఉద్యోగకాలంలో ఒకరి కంటే ఎక్కువమందినే చూశాను. వాళ్లలో ఒకామె మరో పెళ్లి చేసుకుని ఇద్దరు పిల్లల తల్లి అయింది. మొదటి ఇంట్లో ఇప్పటికీ ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

ఆ 'నార్మల్' అన్న మాట పూర్తి నిజం కాకపోవచ్చునని ఇప్పుడు తెలిసింది. 2024లో వెలువడిన ఒక పరిశోధన, రిపోర్టులో అన్నీ సరిగా ఉన్నా క్యాట్‌స్పెర్ పనిచేయని మగవాళ్లు ఉన్నారని, కారణం తెలియని సంతానలేమికి అది ఒక కారణమని చూపింది. వాళ్ల శుక్రకణాలు మామూలుగా ఈదుతాయి. కాని అవసరమైన చోట ఆ కొరడా విసురు రాదు. శుక్రాన్ని గర్భాశయంలోకి ఎక్కించినా, గాజుపాత్రలో అండం పక్కన వదిలినా ఫలం ఉండదు. సూదితో నేరుగా అండంలోకి ఎక్కించే ఇక్సీ మాత్రం పనిచేస్తుంది. బ్రస్సెల్స్‌లో 1992లో బయలుదేరిన రెండు దారులు కలిసింది ఇక్కడే. ఒక దారి వాసన వెతుక్కుంటూ బయలుదేరి, జర్మనీలో తప్పటడుగు వేసి, తలుపు దగ్గరికి చేరింది. రెండో దారి ఆ తలుపు మూసి ఉన్నవాళ్లకు పక్కసందు చూపించింది. ఇక్సీ ఖర్చు మనలో చాలామందికి అందేది కాదు, నిజమే. కాని లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికీ, నింద దించడానికీ అంత ఖర్చు అక్కరలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం పెద్దవాళ్లలో ఆరుగురికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారు. కారణం వెతికితే సుమారు సగం సందర్భాల్లో మగవాడి వైపు లోపం, ఒక్కటిగానో, స్త్రీ వైపు లోపంతో కలిసో, కనబడుతుంది. సగం అంటే సగం. హెర్ట్‌విగ్ 1876లో చూసిన సగమే ఇక్కడా ఉంది.

మరి అండం? అది ఊరికే ఎదురుచూస్తూ కూర్చునేది కాదని కూడా ఈ చరిత్ర చెబుతుంది. 2020లో స్టాక్‌హోమ్, మాంచెస్టర్ శాస్త్రజ్ఞులు, చికిత్సకు వచ్చిన దంపతుల అండద్రవాన్ని, శుక్రకణాలను జతలు మార్చి పరీక్షించారు. ఒక స్త్రీ అండద్రవం ఒకరి శుక్రకణాల్ని ఎక్కువగా, మరొకరివి తక్కువగా పిలిచింది. ఎక్కువ పిలుపు అందినది ప్రతిసారీ ఆమె భర్తకే కాదు. పెళ్లిచూపుల్లో ఆమెను ఎవరూ అడగకపోయినా, లోపల ఆమె అండం తన ఇష్టం తాను చెబుతూనే ఉంది. పొలం అని మనం పిలిచినది ఎంపిక కూడా చేసుకుంటోంది.

కొరాపుట్‌లో 2017 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. వీర్యపరీక్షకు విశాఖ రైలు ఎక్కనక్కరలేదు. పెద్ద పరీక్షలకు వెళ్లవలసి రావచ్చు. మనం ఈ దేశంలో రెండు భాషల మధ్య బతుకుతున్నవాళ్లం. తెలుగు వార్తాపత్రిక హైదరాబాదు సంగతి రాస్తుంది, ఒడియా పత్రిక భువనేశ్వర్ సంగతి రాస్తుంది. మన ఇంటి సంగతి మనమే మన భాషలో చెప్పుకోవాలి. మీ ఇంట్లో కొత్త దంపతులకు రెండు మూడేళ్లు దాటినా పిల్లలు లేకపోతే ఇద్దర్నీ ఒకేసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మగపిల్లవాడి రిపోర్టు నార్మల్ అని వచ్చినా తీర్పు చెప్పకండి. డాక్టరు ఇంకా ఏం చూడాలంటాడో అడగండి. 'గొడ్రాలు' అన్న మాట విన్నచోట, అది శాస్త్రం వదిలేసి నూట యాభై ఏళ్లయిన మాట అని చెప్పండి.